నల్లబల్ల మీద ఉత్తరం

నెక్కొండ నుంచి డోర్నకల్ దాకా ఒక రైలు ప్రయాణం. దూరదేశం రూపాయి, తెలుగు బైబిలు, పిడికెడు బియ్యం: ఈ మూడూ కలిసి చదివించిన పిల్లల కథ.

"ప్రియమైన ఆంటీకి, అంకుల్‌కి వందనములు. నేను ఇక్కడ క్షేమము. మీరు అక్కడ క్షేమమని తలంచుచున్నాను. నేను బాగా చదువుకొనుచున్నాను. మా ఊరిలో ఈ ఏడు వానలు బాగా పడినవి. నాకు ఇష్టమైన జంతువు .......... . మీ కొరకు ప్రతి దినము ప్రార్థన చేయుచున్నాను."

వార్డెన్ సారు ఈ ఉత్తరాన్ని నల్లబల్ల మీద రాసేవారు. అరవై మందిమి చూసి దించుకునేవాళ్లం. వానలు ఎగ్గొట్టిన ఏడు కూడా మా ఉత్తరాల్లో వానలు బాగానే పడ్డాయి. సొంతంగా రాయాల్సింది ఆ చుక్కల చోట ఒక్కటే. నేను ఏనుగని రాశాను. నా పక్కవాడూ ఏనుగే రాశాడు. ఇద్దరిలో ఏ ఒక్కరమూ ఏనుగును చూసినవాళ్లం కాదు. క్రిస్మస్‌కు పంచిన బొమ్మల పుస్తకంలో నోవహు ఓడ ఎక్కుతున్న జంట ఏనుగులే మా ఇద్దరికీ తెలిసినవి. ఇంట్లో ఉన్నవి బర్రె, రెండు మేకలు. బర్రె ఇష్టమని రాస్తే దొరసాని ఏమనుకుంటుందో!

మా బోర్డింగు నెక్కొండకు అంత దూరమేం కాదు. రాత్రి గాలి ఇటు తిరిగితే గూడ్సు బండి కూత వినపడేది. పేరెందుకు, అలాంటి బోర్డింగులు ఆ రోజుల్లో రైలుకట్ట పొడుగునా ఉండేవి. పిల్లలం ఒకరినొకరం దేశాలతో పిలుచుకునేవాళ్లం. "వాడు కెనడా", "ఈమె జర్మనీ", "నీ స్పాన్సర్ ఏ దేశంరా?" స్పాన్సర్ ఇంకా దొరకని పిల్లలు కొందరుండేవాళ్లు. వాళ్లకూ మాతోపాటే అన్నం పెట్టేవారు, చదువు చెప్పేవారు. కానీ ఉత్తరాల రోజున వాళ్లు వరండాలో గోళీలు ఆడుకుంటుంటే, మాకు గొప్పగానూ ఉండేది, వాళ్లను చూసి అసూయగానూ ఉండేది.

ఆరు నెలలకు జవాబు వచ్చేది. స్టాంపు సారు కొడుక్కి, ఫొటో మాకు. ఆ ఫొటోలో తెల్లటి మంచు, పెద్దవయసు దంపతులు, వాళ్ల కాళ్ల దగ్గర ఒక కుక్క. వెనకాల ఇంగ్లిష్‌లో పది పన్నెండు లైన్లు.

"ఏం రాసిన్రు సార్?"

"మంచిగ చదువుకోమన్నరు. పో."

ఎంత పొడుగు ఉత్తరమొచ్చినా సారు తెలుగు చేసేది ఆ ఒక్క మాటే. పాపం, ఆయనకూ అరవై ఉత్తరాలు, అరవై మంది పిల్లలు, వంటమనిషి రాని రోజున అరవై మందికి వంట. అయినా నాకు అనుమానం పట్టుకుంది. పన్నెండు లైన్ల ఉత్తరంలో అంత చిన్న మాటే ఉంటుందా? ఆ అనుమానం తీర్చుకోవడానికే నేను ఇంగ్లిష్ నేర్చుకున్నాను. ఎనిమిదో తరగతిలో, చింకిపోయిన డిక్షనరీ పక్కన పెట్టుకుని, పాత ఉత్తరం ఒకటి కూడబలుక్కుంటూ చదివాను. వాళ్ల కుక్క చచ్చిపోయింది. అంకుల్ మోకాలికి ఆపరేషన్ అయింది. చివరి లైనులో ఒక ప్రశ్న ఉంది: నువ్వు ఏం పుస్తకాలు చదువుతావు, నీకు ఏ పుస్తకం ఇష్టం?

ఆ ఉత్తరం రాసి అప్పటికి మూడేళ్లయింది. ఆ మూడేళ్లలోనూ నేను ఏనుగనే రాస్తూ వచ్చాను.

పట్టాల వెంట

ఈ కథనం కోసం మళ్లీ నెక్కొండ స్టేషన్లో నిలబడ్డాను. నర్సంపేటకు రైలు లేదు కనుక ఆ వైపు జనానికి చాలాకాలంగా ఇదే స్టేషను. మిరప, పత్తి, మక్కల బస్తాల ఊరు. సికింద్రాబాద్ నుంచి వరంగల్ మీదుగా బెజవాడ దాకా ఈ లైను 1889 నాటికి పూర్తయింది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే వేసిన దారి. అప్పట్లో సింగరేణి బొగ్గు కదలాలంటే ఇదే ఆధారం. ఇక్కడ ప్యాసింజరు బండి ఎక్కితే కేసముద్రం, మహబూబాబాద్, గార్ల దాటి డోర్నకల్ జంక్షన్.

క్రైస్తవం మా జిల్లాలోకి ఒక్క దారినే రాలేదు. రైలు రాకముందే, 1870ల చివర్లో, అమెరికన్ బాప్టిస్టులు హనుమకొండలో దిగారు. తర్వాత చాలాకాలానికి ఇటలీ ఫాదర్లు వచ్చారు. వరంగల్ కతోలిక మేత్రాసనం 1952లో ఏర్పడింది. వీళ్లందరూ తెల్లవాళ్లు. అందుకే మా ఊళ్లలో మిషన్ అంటే తెల్లదొర, సాయమంటే సముద్రం అవతలి నుంచి వచ్చేది అన్న లెక్క స్థిరపడిపోయింది. నెక్కొండ తర్వాత రెండో పెద్ద స్టేషన్లో మాత్రం ఈ లెక్క తప్పుతుంది.

ఆ స్టేషన్ మహబూబాబాద్. మా వైపు ఇప్పటికీ మానుకోట అనే అంటారు. 1904లో అక్కడికి శామ్యూల్ పాక్యనాథన్ అనే మిషనరీ వచ్చాడు. లండన్ నుంచి కాదు, తిరునెల్వేలి నుంచి. ఆయనను పంపింది ఇండియన్ మిషనరీ సొసైటీ. తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో తమ సొంత డబ్బుతో పెట్టుకున్న సంఘం అది. తెల్లవాళ్ల డబ్బు తీసుకోకూడదు, మనుషులూ మనవాళ్లే అయివుండాలన్నది వాళ్ల నియమం. వాళ్లకు నిజాం రాజ్యం పరదేశమే. భాష రాదు, తిండి వేరు, రాజు వేరు, రూపాయి వేరు. అంటే, మానుకోట పల్లెల్లో అక్షరం దిద్దించడానికి వచ్చిన తొలి 'ఫారిన్' సాయాల్లో ఒకటి తాటిచెట్ల నేల నుంచి వచ్చిందన్నమాట.

ఆ సంఘం పెట్టినవాళ్లలో ముఖ్యుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునెల్వేలి దగ్గర వెళ్లాలన్‌విళైలో పాస్టరు కొడుకుగా పుట్టాడు. వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంఘంలో ఊరూరూ తిరిగే ఉద్యోగం. 1902లో పని మీద జాఫ్నా వెళ్లాడు. అక్కడి తమిళ క్రైస్తవులు సొంత చందాలతో సముద్రం అవతలికి మనుషులను పంపి సేవ చేయిస్తున్నారు. అది చూసి సిగ్గుపడ్డానని తర్వాత చెప్పుకున్నాడు. తిరునెల్వేలిలో తరతరాలుగా చర్చిలున్నా, అప్పటికి వాళ్లు పుచ్చుకోవడమే తప్ప పంపింది లేదు.

జాఫ్నా గురించి ఇంకో ముచ్చట చెప్పాలి. పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో అమెరికన్ మిషన్ అక్కడ బోర్డింగు బడులు నడిపింది. అమెరికాలో ఎవరైనా ఒక పిల్లవాడి ఖర్చు భరిస్తే ఆ పిల్లవాడికి తమకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు. అలా తమిళ పిల్లలు కొందరికి ఎక్కడో ఉన్న దాతల పేర్లు అతుక్కున్నాయి. ఒక్కో బిడ్డకు ఒక్కో స్పాన్సర్ అనే పద్ధతికి మూలం వెతుక్కుంటూ పోతే దొరికే పాత చిరునామాల్లో ఇదొకటి. డబ్బుతో పాటు పేరు కూడా రావడం నాకు మింగుడు పడదు. అదే జాఫ్నా మరో కొన్ని తరాలకు అజరయ్యకు ఇచ్చే చెయ్యి ఎలా ఉంటుందో చూపించడం మాత్రం చరిత్ర చేసిన చమత్కారం.

కుర్చీ వేయండి చాలు

1909లో అజరయ్య ఉద్యోగం వదులుకుని డోర్నకల్ వచ్చాడు. ముప్పై అయిదేళ్ల వయసులో, సొంత సంఘం పంపిన మిషనరీగా. మొదట గుడారంలో కాపురం. తెలుగు ఓనమాలతో మొదలుపెట్టాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయనను బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన తొలి భారతీయుడు ఆయనే. ఒక నల్లవాడి కింద తెల్లపాదిరీలు పనిచేయాలా అని గొణిగినవాళ్లు లేకపోలేదు. అందుకే మొదట ఆయనకు ఇచ్చిన మేత్రాసనం చాలా చిన్నది. తర్వాత కృష్ణా జిల్లా వైపు కూడా కలిసి పెద్దదైంది.

అంతకు రెండేళ్ల ముందు, 1910 జూన్‌లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందల మందికి పైగా ప్రతినిధులు. ఆసియావాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అక్కడ అజరయ్య లేచి మాట్లాడిన మాటలు చాలామందిని ఇబ్బంది పెట్టాయి. మిషనరీలు తమ ఆస్తిని ఇచ్చారు, ఒంటిని అరగదీసుకున్నారు, అందుకు ఈ దేశపు సంఘం రుణపడి ఉంటుందన్నాడు. కానీ ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన భారతీయుడిని ఒక్కసారి ఇంటికి భోజనానికి పిలవని మిషనరీలు ఉన్నారన్నాడు. చివరికి అడిగింది డబ్బు కాదు, ప్రేమను, స్నేహితులను. సభలో కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు ముఖం మాడ్చుకున్నారు. దానం గురించి నాకు తెలిసినంతలో ఇంత సూటిగా, ఇంత మర్యాదగా, ఇచ్చేవాళ్ల ఎదుటే మాట్లాడిన తీసుకునేవాడు మరొకడు లేడు.

డోర్నకల్‌లో ఆయన పని మాటల్లో ఆగలేదు. చేతిలో చిల్లిగవ్వ లేని మాల, మాదిగ కూలీలే ఆయన సంఘం. వాళ్ల దగ్గరికి వెళ్లి మీరూ ఇవ్వాలి అన్నాడు. ఏమివ్వాలి? వంటకు బియ్యం కొలిచేటప్పుడు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో పోయాలి. ఆదివారం ఆ బియ్యం చర్చికి. పంట ఇంటికొచ్చిన రోజుల్లో ఒక మానెడు ధాన్యం, తొలి కాపు కాయ, ఒక కోడిపిల్ల. డబ్బున్నవాడు లేనివాడికి ఇవ్వడమే దానమనుకుంటే లేనివాడు ఎప్పటికీ చెయ్యి చాచే మనిషిగానే మిగులుతాడు. ఈ విషయం మీద ఆయన ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. విమర్శించినవాళ్లూ ఉన్నారు: కడుపుకే లేనివాళ్ల కుండలోంచి పిడికెడు తీయిస్తారా అని. మా అమ్మ ఆ కుండలో పోస్తుంటే చిన్నప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. ఆమెకు మాత్రం ఆ కుండ దగ్గర ఎక్కడలేని దర్జా ఉండేది. దొర పొలంలో వంగి నాటేసే మనిషి, ఆ కుండ దగ్గర నిటారుగా నిలబడేది.

విదేశీ డబ్బు డోర్నకల్‌కు రాలేదని కాదు. వచ్చింది. అజరయ్య చిరకాల మిత్రుడు, అమెరికన్ వైఎంసీఏ మనిషి షేర్వుడ్ ఎడ్డీ వంటివాళ్ల సాయం ఉంది. ఇంగ్లండు సంఘాల సాయం ఉంది. బయటి డబ్బు బడికి గోడలు కడితే, పంతులు పొట్ట నింపేది లోపలి బియ్యం. 1935 నాటికి ఆ మేత్రాసనంలో రెండు వేలకు మించి పల్లె ఉపాధ్యాయులు ఉన్నారు. వాళ్లలో చాలామంది ఆ కూలీల బిడ్డలే. పగలు పిల్లలు పశువుల కాడికి పోతారు గనుక బడి రాత్రిపూట, గుడ్డిదీపం వెలుగులో. కోలాటం, పాట, కథ, తర్వాత పలక.

డోర్నకల్ గుడిని చూసిన ప్రతిసారీ నాకు కాస్త నవ్వొస్తుంది. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చిని దూరం నుంచి చూస్తే మసీదు గుంబజాల్లా ఉంటుంది, దగ్గరికెళ్తే దేవళం మండపంలా రాతి స్తంభాలు. లండన్‌లో కనపడే గంట గోపురం అనవసరమని ఆయన అనుకున్నాడు. ఎండకు కాలిపోతున్న రోజున వెళ్లాను. లోపల చల్లగా ఉంది. ఇద్దరు కుర్రాళ్లు స్తంభానికి ఆనుకుని పోటీ పరీక్షల పుస్తకం చదువుకుంటున్నారు. కావలి మనిషి వాళ్లను ఏమీ అనలేదు.

అజరయ్య 1945 జనవరి 1న చనిపోయాడు. గాంధీజీతో ఆయనకు మతమార్పిడి విషయంలో గట్టి భేదాభిప్రాయం ఉండేది, ముఖ్యంగా 1936, 37 ప్రాంతాల్లో. దళితులు గుంపులుగా మతం మారడం ఆకలిని ఆసరా చేసుకున్నదేనని గాంధీజీ అనుమానం. వాళ్లకూ బుద్ధి, ఇష్టం ఉన్నాయని అజరయ్య జవాబు. ఎనభై తొంభై ఏళ్లయినా ఆ వాదన ఒక కొలిక్కి రాలేదు. ఈ మధ్య అది ఢిల్లీలో ఫైళ్ల మీద నడుస్తోంది. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

"ఇది నా బైబిలు అక్షరం కాదు బిడ్డా"

మా నాయనమ్మ బడి ముఖం చూడలేదు. మిషన్ కాంపౌండు నుంచి వచ్చే బైబిలు స్త్రీ ఒకామె ఆమెకు అక్షరాలు నేర్పింది. చూపుడు వేలు లైను కింద పెట్టి కీర్తనల గ్రంథం చదివేది. రోజూ అదే పుస్తకం, అదే వేలు. ఒకసారి వరంగల్ బస్టాండులో బోర్డు చదవమన్నాను. కళ్లు చికిలించి చూసి, "ఇది నా బైబిలు అక్షరం కాదు బిడ్డా" అంది. నిజమే, ఆమెకు తెలిసింది ఒకే అచ్చు, ఒకే సైజు, ఒకే భాష. ఆ భాష కూడా మా ఇంటిది కాదు. "తలంచుచున్నాను" అని మా ఊళ్లో ఎవరూ అనరు, దేవుడితో మాట్లాడేటప్పుడు తప్ప. నల్లబల్ల మీది మా ఉత్తరానికి ఆ యాస అక్కడినుంచే వచ్చింది.

ఆ అక్షరానికి చాలా పొడవైన ప్రయాణం ఉంది. తెలుగు అచ్చయిన తొలి పుస్తకాలు తెలుగునేల మీద పుట్టలేదు. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ పాదిరీ మద్రాసులో ఉండగా తెలుగు నేర్చి, బైబిలు అనువదించాడు. అది అచ్చు కాలేదు. స్వదేశం వెళ్లాక హాలే పట్టణంలో 1746 ప్రాంతంలో చిన్న చిన్న తెలుగు మతగ్రంథాలు అచ్చువేయించాడు. 1805లో లండన్ మిషన్ వాళ్లు, క్రాన్, దె గ్రాంజ్, విశాఖపట్నంలో దిగారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తలు తెలుగు చేశారు. ఇద్దరూ ఐదేళ్లలోపే చనిపోయారు. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. బైబిలు మొత్తం తెలుగులో చేతికందడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. ఈ పుస్తకం మీద ఒక మిషనరీ పేరే ఉండవచ్చు. మాటలు ఏరి ఇచ్చిన పండితుల పేర్లు ఎక్కువగా మాయమయ్యాయి.

అయితే తెలంగాణలో చదువు అంటే మిషన్ అనేసుకుంటే అది మా వాళ్ల గొప్పలు చెప్పుకోవడమే అవుతుంది. సర్కారు బడుల్లో ఉర్దూ ఏలుతున్న ఆ రోజుల్లో హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం మొదలైంది. పాక్యనాథన్ మానుకోట చేరిన ఏడాదే అది. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాల సంచి భుజాన వేసుకుని తిరిగి అమ్మాడు. అవి ఊరి నడిబొడ్డున పుట్టిన పుస్తకాలు, మిషన్ పలక వాడలో పుట్టింది. రెంటి మధ్యా ఉన్నది ఒక వీధి దూరమే అయినా దాటడం కష్టమైంది.

ఆ వీధిని కలంతో దాటినవాడు గుర్రం జాషువా. గుంటూరులో లూథరన్ మిషన్ బడిలో పంతులుగా చేశాడు. పురాణాల మీద పద్యాలు రాస్తున్నాడని క్రైస్తవులు కన్నెర్ర చేశారు, కులం చూసి అగ్రహారాలు పక్కన పెట్టాయి. 1941లో 'గబ్బిలం' రాశాడు. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఏ పుస్తకం ఇష్టమన్న ఆ పాత ప్రశ్నకు ఇవాళైతే 'గబ్బిలం' అని జవాబు రాస్తాను. ఎనిమిదో తరగతిలో మా బోర్డింగు అలమరలో అది లేదు. ఉన్నవి మిషనరీల జీవితచరిత్రలు, డబ్బాలో వచ్చిన ఇంగ్లిష్ బొమ్మల పుస్తకాలు, ఎలుకలు కొట్టిన ఒక కీర్తనల పుస్తకం.

మనవాళ్లు పంపిన మనిషి

1903 గురించి ఇంకొకటి చెప్పకపోతే కథ కుంటిదవుతుంది. తిరునెల్వేలి వాళ్లు సంఘం పెట్టుకున్న ఆ ఏడే, నెల్లూరు వైపు తెలుగు బాప్టిస్టులు చందాలు పోగుచేసి ఒక మనిషిని ఓడ ఎక్కించారు. పేరు జాన్ రంగయ్య. చేరింది దక్షిణాఫ్రికాలోని నటాల్. అక్కడి చెరకు తోటలకు, తేయాకు తోటలకు కూలికి పోయిన తెలుగువాళ్లకు సొంత భాషలో పుస్తకం చదివి వినిపించే మనిషి లేడు. రంగయ్య వెళ్లి అదే ఏడు చివర్లో కీర్స్‌నీలో సంఘం నెలకొల్పాడు. 1915లో అక్కడే కన్నుమూశాడు.

ఈ సంగతి మా బోర్డింగులో ఎవరూ చెప్పలేదు. తెల్లవాళ్లు మనకిచ్చారన్న కథ వందసార్లు విన్నాను. మనవాళ్లు, అదీ 1876-78 నాటి కరువు చూసినవాళ్లూ వాళ్ల పిల్లలూ, అణాలు పోగేసి సముద్రం అవతలికి పంపారన్న కథ ఒక్కసారి విన్నా బాగుండేది. వరండాలో గోళీలు ఆడుకున్న పిల్లలకైనా చెప్పాల్సింది.

ఫైళ్ల మీద పిల్లలు

ఇప్పుడు లెక్కల్లోకి. ఒక బిడ్డ, ఒక ఫొటో, నెలకింత. ఈ పద్ధతి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెద్ద వ్యవస్థగా మారింది. వరల్డ్ విజన్ 1950లో, కంపాషన్ 1952లో, రెండు సంస్థలూ కొరియా యుద్ధం అనాథల చుట్టూ పుట్టాయి. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ కథ వేరు. 1968లో మహారాష్ట్ర నుంచి వెళ్లగొట్టబడి, 1969లో తిరిగొచ్చి అనంతపురం కరువు నేలలో ఆర్డీటీ అనే సేవాసంస్థను మొదలుపెట్టిన స్పెయిన్ ఫాదర్ ఆయన. తర్వాత పాదిరీగిరీ వదిలేశాడు. 2009లో పోయాడు. స్పెయిన్‌లో లక్షకు పైగా కుటుంబాలు ఆ ఎర్రనేల పిల్లలకు స్పాన్సర్లుగా నిలిచాయి. అక్కడ మతం ఊసు లేకుండా పిల్లల చదువు, ఆస్పత్రి, చెరువులు నడిచాయి. మా బోర్డింగులో చేరాలంటే చర్చి సిఫారసు కావాలి. తేడా చిన్నదేం కాదు.

ఈ సాయం పనిచేస్తుందా? అమెరికాలో బ్రూస్ విడిక్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ ప్రశ్నే వేసుకున్నారు. భారతదేశంతో కలిపి ఆరు దేశాల్లో పది వేల మందికి పైగా వివరాలు సేకరించి, 2013లో ఫలితాలు ప్రచురించారు. కంపాషన్ స్పాన్సర్ చేసిన పిల్లలు, చేయని పిల్లల కంటే సగటున ఒక ఏడాదికి పైగా ఎక్కువ చదివారు. పెద్దయ్యాక జీతం ఉద్యోగాల్లోనూ వాళ్ల వాటా ఎక్కువ. ఒక ఏడాది అంటే ఎంత? మా ఊళ్లో ఏడో తరగతికీ పదో తరగతికీ మధ్య ఉన్న గోడలు ఎక్కినవాడికి తెలుస్తుంది.

కానీ డబ్బు దారిలో ప్రభుత్వం గేటు పెట్టింది. విదేశీ విరాళాల చట్టం మొదట 1976 నాటిది. 2010లో కొత్తగా రాశారు, 2020లో ఇంకా బిగించారు. ఇప్పుడు ఏ సంస్థకు విదేశీ విరాళం వచ్చినా ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే పడాలి. ఒక సంస్థ తెచ్చుకున్నది ఇంకో సంస్థకు పంచకూడదు. ఆఫీసు ఖర్చు 20 శాతం దాటకూడదు. పంచుకోవద్దన్న నిబంధన పల్లెల్లోని చిన్న బోర్డింగులకు పెద్ద దెబ్బ, ఎందుకంటే వాళ్లకు వచ్చేది పెద్ద సంస్థల ద్వారానే. అంతకుముందే, కంపాషన్ 2017 మార్చిలో భారత్‌లో పని ఆపేసింది. అప్పటికి దాదాపు 1,45,000 మంది పిల్లలు వాళ్ల పేర్ల జాబితాలో ఉన్నారు. వరల్డ్ విజన్ ఇండియా రిజిస్ట్రేషన్ 2024లో రద్దయింది.

మతం మార్చడానికే ఈ డబ్బు అన్నది ప్రభుత్వం వైపు నుంచి వినపడే మాట. ఆ అనుమానం గాలిలోంచి పుట్టలేదు. జాఫ్నాలో పిల్లలకు దాతల పేర్లు పెట్టిన చరిత్ర ఉన్నప్పుడు కోపగించుకుని లాభం లేదు. అన్నం పెట్టే చేయి ప్రార్థన కూడా అడిగితే ఆ బిడ్డ కాదనగలడా? నేనైతే అనలేదు. అడగకపోయినా ప్రార్థించేవాడినేమో, కానీ అడిగారు. మరో వైపు, ఒక్క ఉత్తర్వుతో లక్షా నలభై అయిదు వేల మంది పిల్లల మధ్యాహ్న భోజనం, ఫీజు, ట్యూషన్ ఆగిపోయినప్పుడు వాళ్లకు బదులేమిటో ఆ ఉత్తర్వులో లేదు. మంచి సంస్థనూ చెడ్డ సంస్థనూ విడదీసి చూసే ఓపిక గేటు దగ్గర కనపడడం లేదు.

మా వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. ఇక్కడ వాళ్లను బీసీ-సిలో పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. అందుకే బడి రిజిస్టరులో ఒక పేరు, సంఘం రిజిస్టరులో ఇంకో పేరు. ఇంట్లో యెహోషువ, సర్టిఫికెట్‌లో ఎల్లయ్య. దీన్ని మోసమంటారు కొందరు. కులం మారకుండా మతం మారితే అంటరానితనం పోతుందని నమ్మిన చట్టాన్ని ఏమనాలో వాళ్లే చెప్పాలి.

బోర్డింగులు ఖాళీ అవడానికి ఢిల్లీ ఒక్కటే కారణం కాదు. గురుకులాలు వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో తొలి గురుకులం 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైంది. అప్పటి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు. ఆయన పుట్టింది నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో, మా నెక్కొండకు పక్కనే. ఇవాళ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివే పిల్లలకు స్పాన్సర్‌కు ఉత్తరం రాసే పని లేదు. ఏ జంతువు ఇష్టమో ఎవరూ అడగరు. చదువు హక్కుగా వస్తోంది. నెక్కొండ ప్లాట్‌ఫారం మీద ఒక గురుకులం అమ్మాయి నా పక్కనే కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. నిన్ను ఎవరు చదివిస్తున్నారమ్మా అని అడిగితే, అర్థం కానట్టు చూసి, "నేనే సదువుకుంటున్న అన్నా" అంది.

గుమ్మడికాయ

తిరుగు ప్రయాణంలో ఒక ఊళ్లో దిగాను. కోతపండుగ. చర్చి అంటే రేకుల షెడ్డు. బల్ల ముందు వరికంకులు, మక్కజొన్న పొత్తులు, అరటి గెల, కాళ్లు కట్టేసిన రెండు కోళ్లు, అమ్మలు తెచ్చి పోసిన పిడికెడు బియ్యం గంప నిండుగా. ఆరాధన అయిపోయాక వేలం. అయ్యగారు ముందే చెప్పారు: ఈసారి వచ్చిన డబ్బులో సగం, నర్సింగు చదివే ఒక అమ్మాయి రెండో ఏడు ఫీజుకు. ఆ అమ్మాయి వెనక వరసలో తల వంచుకుని కూర్చుంది.

గంపలో బియ్యం మూడు వందలకు పోయింది. తర్వాత ఒక గుమ్మడికాయ. సంతలో అయితే నలభై రూపాయలు. యాభై నుంచి మొదలై, రెండు వందలు, మూడు వందల యాభై. ట్రాక్టర్ డ్రైవరు ఒకాయన ఆరు వందలకు పాడుకున్నాడు. డబ్బు కట్టి, కాయను తీసుకెళ్లి మళ్లీ బల్ల మీదే పెట్టాడు.

"మల్ల పాడున్రి అయ్యగారు."

రెండోసారి నాలుగు వందలకు పోయింది. హైదరాబాద్ నుంచి పండుగకు వచ్చిన ఒక కుర్రాడు, దుబాయ్‌లో ఉన్న అన్నతో ఫోన్లో మాట్లాడుతూ, అన్న పేరు మీద పాడాడు. అతనూ కాయను మళ్లీ బల్ల మీద పెట్టాడు. మూడోసారి వేలానికి వచ్చేసరికి పాట మందగించింది. రెండు వందలు... రెండు వందలు... వెనక నుంచి ఒక ముసలామె చెయ్యి ఎత్తింది.

"రెండు వందల పది."

నర్సింగు చదివే అమ్మాయి చటుక్కున వెనక్కి తిరిగింది. ఆమె అమ్మమ్మ అట. నవ్వులు. అయ్యగారు మూడుసార్లు అని కాయ ఇచ్చేశారు. ముసలామె కొంగు ముడి విప్పి నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది. ఈసారి కాయను తిరిగి పెట్టలేదు. చంకనెత్తుకుని, "ఇయ్యాల దీన్ని కూర వండుత, అందరు రాన్రి" అని షెడ్డులోంచి బయటికి నడిచింది.